ఫార్మాట్ కాని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్: ముందు చదవండి, తర్వాతే చెరపండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదండీ. 2019లో కొన్న 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. మొదట్లో ల్యాప్‌టాప్‌కి వాడారు, తర్వాత రెండు మూడేళ్లు హాల్లో టీవీ వెనక ఉండిపోయింది. ఇప్పుడు తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అడుగుతోంది. సరేనని ఫార్మాట్ కొడితే పది నిమిషాలు తిరిగి, పూర్తి చేయలేకపోయానని ఆగిపోతోంది. ఎవరో చెప్పారని, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాంలో డిస్క్‌ని తుడిచే క్లీన్ కమాండ్ ఇచ్చారు, అక్కడ ఐ/ఓ డివైస్ ఎర్రర్ వచ్చింది, అంటే డిస్క్ మీద చదవడమో రాయడమో కుదరలేదని. చివర్లో ఒక మాట రాశారు: "పాప మొదటి పుట్టినరోజు వీడియోలు ఇందులోనే ఉన్నాయి, వేరే చోట కాపీ ఉందనుకుంటున్నాను."

నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. "ఉందనుకుంటున్నాను" అన్నది "ఉంది" అయ్యేదాకా ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. ఫార్మాట్ వద్దు, క్లీన్ వద్దు, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ అసలే వద్దు. ఇవాళ రాత్రి కూర్చుని ఆ కాపీ ఎక్కడుందో వెతకండి. ఫోల్డర్ కనబడితే చాలదు, ఒక వీడియో తెరిచి మధ్యలోకి, చివరికి జరిపి ఆడుతోందో లేదో చూడండి. ఫోల్డర్ పేరు మాత్రమే మిగిలి, లోపల ఫైళ్లు సున్నా కేబీ ఉన్న సందర్భాలు నేను చాలా చూశాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రాజమండ్రిలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది, ఇరవై ఏళ్లు దాటింది. ఒకసారి ఒక పెద్దాయన 500 జీబీ డిస్క్ తెచ్చి, "ఫార్మాట్ కొట్టి ఇవ్వు బాబూ, మనవడికి బొమ్మల సినిమాలు ఎక్కించాలి" అన్నారు. లోపల ఏముందని నేను అడగలేదు. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి, పూర్తి ఫార్మాట్ పెట్టి భోజనానికి వెళ్లిపోయాను. సాయంత్రం వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లమ్మగారి చివరి రోజుల ఫొటోలన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయట. విండోస్ విస్టా దగ్గర నుంచి పూర్తి ఫార్మాట్ అంటే ఊరికే చెక్ చేయడం కాదు, మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసేయడం. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ వాటిని తేలేవు. ఆ రోజు నుంచి నా బల్ల మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. "ఇందులో ఉన్నది నాకు అక్కర్లేదు" అని వాళ్ల చేత్తో రాస్తేనే ఫార్మాట్ మీద చెయ్యి వేస్తాను.

కాబట్టి మీరొకటి గుర్తు చేసుకోవాలి. ఆ పది నిమిషాలు తిరిగినప్పుడు క్విక్ ఫార్మాట్ టిక్ ఉందా, తీసేశారా? టిక్ ఉంటే, అప్పటిదాకా చేసినదంతా పైపై పనే. లోపలి వీడియోలు చాలావరకు అలాగే ఉంటాయి. క్లీన్ కమాండ్ కూడా డిస్క్ మొదట్లో, చివర్లో ఉండే పార్టిషన్ సమాచారాన్నే, అంటే డిస్క్‌ని ఏ భాగాలుగా పంచారన్న వివరాన్నే తుడుస్తుంది, మధ్యలో ఉన్న ఫైళ్ల జోలికి పోదు. మీ దగ్గర అది కూడా పూర్తవ్వలేదు. కానీ టిక్ తీసేసి ఉంటే, సెకనుకు 100 ఎంబీ లెక్కన పది నిమిషాల్లో మొదటి 60 జీబీ దాకా సున్నాలైపోయి ఉండొచ్చు. అలా అయినా మిగతాది ఉంది కదా, నిరాశ పడొద్దు. ఇక్కడితో ఆపడం ముఖ్యం.

సరే, కాపీ దొరికింది, డిస్క్‌లోది అక్కర్లేదు అనుకుందాం. అప్పుడు అసలు సమస్యకి వద్దాం.

ఫార్మాట్ ఎందుకు అవ్వట్లేదో తెలియకుండా ఫార్మాట్ చేయించే ఉపాయాలు వెతకడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్రలు మార్చి మార్చి వేయడం లాంటిదే. నా బల్ల మీదికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు. డిస్క్‌కి కరెంటు సరిగ్గా అందకపోవడం ఒకటి, డేటా రాసి ఉండే లోపలి పళ్లెం మీద సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లు, పాడవడం రెండోది. రెండింటికీ విండోస్ చూపించే ఎర్రర్ మాత్రం ఒకటే. అందుకే జనం ముందు సాఫ్ట్‌వేర్ల మీద పడతారు.

మొదట కేబుల్ చూడండి. మీ డిస్క్‌కి ఉన్న సాకెట్ వెడల్పుగా, మధ్యలో చిన్న అడ్డంతో రెండు గదుల్లా ఉంటుంది. యూఎస్‌బీ 3.0 మైక్రో బీ అంటారు దాన్ని. ఒక గదిలో పాత ఫోన్ చార్జర్లకి ఉండే మైక్రో యూఎస్‌బీ లాంటివే 5 పిన్నులు. కరెంటు వచ్చేది వాటిలోంచే. పక్క గదిలో ఉన్న మరో 5 పిన్నులు యూఎస్‌బీ 3 వేగం కోసం. రెండో గది వైపు లూజ్ అయితే డిస్క్ నడుస్తుంది గానీ యూఎస్‌బీ 2 వేగానికి పడిపోతుంది. మొదటి గది వైపు లూజ్ అయితే ఒక క్షణం కరెంటు పోయి మళ్లీ వస్తుంది. బయటికి మీకేమీ తెలియదు, లైటు కూడా వెలుగుతూనే ఉంటుంది. కానీ ఫార్మాట్ మధ్యలో ఆ ఒక్క క్షణం చాలు. టీవీ వెనక గోడకీ టీవీకీ మధ్య కేబుల్ మెలితిరిగి ఏళ్ల తరబడి ఉండిపోతుంది కాబట్టి మీ విషయంలో నా మొదటి అనుమానం దీనిమీదే. ప్లగ్ దగ్గర కేబుల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని చాలా కొద్దిగా కదపండి. డిస్క్ తిరిగే చప్పుడు మారినా, విండోస్ నుంచి టింగ్ మని శబ్దం వచ్చినా దొంగ దొరికినట్టే. పరీక్షకే అయినా గట్టిగా ఊపకండి, డిస్క్ తిరుగుతూ ఉంటుంది.

కొత్త కేబుల్ కొనేటప్పుడు పొడవైనది అడక్కండి, అర మీటరు లోపుదే తీసుకోండి. ఎక్స్‌టెన్షన్, హబ్ మధ్యలో పెట్టొద్దు. యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది 900. జేబులో పట్టే ఇలాంటి చిన్న డిస్క్ మోటారు తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లలో 1 ఆంపియర్ దాకా అడుగుతుంది. మంచి పోర్టు దాన్ని ఎలాగో భరిస్తుంది. నీరసంగా ఉన్న పోర్టు, సన్న తీగలున్న చవక కేబుల్ కలిస్తే భరించలేదు. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టుల్లో కాకుండా వెనక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి.

మీది చిన్న డిస్క్ కాబట్టి అడాప్టర్ ఉండదు. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్‌లు వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. వాటికి 12 వోల్టులు కావాలి. అదే సైజు పిన్ను ఉంది కదా అని మానిటర్‌దో ల్యాప్‌టాప్‌దో 19 వోల్టుల అడాప్టర్ గుచ్చితే బోర్డు కాలిపోతుంది. గుచ్చేముందు అడాప్టర్ మీద అక్షరాలు చదవండి.

తర్వాత చెవి. గదిలో ఫ్యాను ఆపి, డిస్క్‌ని బల్ల మీద కదలకుండా పెట్టి, ప్లగ్ చేసి వినండి. బాగున్న డిస్క్ జుయ్‌మని మొదలై, రెండు మూడు చిన్న టిక్కులతో స్థిరపడి, తర్వాత ఒకే శృతిలో ఉంటుంది. టక్, టక్, టక్ అని ఒకే వ్యవధిలో కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదలైతే లోపలి రీడింగ్ హెడ్డు తన చోటు వెతుక్కోలేకపోతోందని అర్థం. సన్నగా కీచుమని కూత వస్తే మోటారు తిరగలేకపోతోంది: కరెంటు చాలకపోవచ్చు, హెడ్డు పళ్లానికి అతుక్కుపోయి ఉండొచ్చు. కేబుల్, పోర్టు మార్చాక కూడా ఈ శబ్దాలు వస్తుంటే ఫార్మాట్ మాట మర్చిపోండి. డేటా కావాలంటే ప్లగ్ తీసేసి రికవరీ ల్యాబ్‌కి పంపడమే. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. దయచేసి పెట్టకండి. గోదావరి జిల్లాల గాలిలో ఉండే తేమకి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టినట్టే డిస్క్‌కీ పడతాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. మీరు పెట్టి చూసింది ఆఫీసు ల్యాప్‌టాప్‌కా? ఐటీ కంపెనీలు ఇచ్చే ల్యాప్‌టాప్‌లలో బయటి డిస్క్‌ల మీద రాయకుండా పాలసీ పెట్టేయడం మామూలే. డిస్క్ కనబడుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ఫార్మాట్ మాత్రం అవ్వదు. హైదరాబాద్ నుంచి సెలవుల్లో వచ్చిన కుర్రాళ్లు నా దగ్గరికి తెచ్చిన "పాడైన" డిస్క్‌లలో కొన్ని ఇలాంటివే. ఇంట్లో ఇంకో కంప్యూటర్‌కి పెట్టగానే ఏ గొడవా లేకుండా ఫార్మాట్ అయ్యాయి. అయితే ఇలాంటప్పుడు వచ్చేది సాధారణంగా రైట్ ప్రొటెక్టెడ్ (రాయడానికి వీల్లేదు) అనో, అనుమతి లేదనో ఉంటుంది. మీకు వచ్చింది ఐ/ఓ ఎర్రర్ కాబట్టి ఇది మీ కారణం కాకపోవచ్చు. అయినా సొంత కంప్యూటర్‌లో ఒకసారి చూడండి.

కేబులా డిస్కా అని తేల్చడానికి ఒక మంచి సాక్షి విండోస్‌లోనే ఉంది, ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టి తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లండి. ఫార్మాట్ ఆగిపోయిన టైముకి ఎదురుగా, సోర్స్ అన్నచోట డిస్క్ అని ఉన్న వరుసలు చూడండి. ఈవెంట్ నంబరు 7 ఉంటే, బ్యాడ్ బ్లాక్ ఉందని డిస్క్ తానే ఒప్పుకుంటోంది. 157 ఉంటే డిస్క్ అర్ధాంతరంగా ఊడిపోయిందని విండోస్ అంటోంది. మీరు చెయ్యి పెట్టకుండా ఊడిపోయిందంటే కేబుల్, పోర్టు, కరెంటు, లేదా కేసింగ్‌లోని (డిస్క్ బయటి డబ్బాలోని) బోర్డు. 153 అంటే అడిగిన పని ఒకసారికి అవ్వక మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. అది ఒకటీ అరా ఉంటే పట్టించుకోను, వరసగా ఉంటే అనుమానిస్తాను.

ఇప్పుడు అసలు పరీక్ష. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. ప్రతి హార్డ్‌డిస్కూ తన ఆరోగ్యం గురించి లోపల ఒక చిట్టా రాసుకుంటుంది, స్మార్ట్ అంటారు దాన్ని. ఈ ప్రోగ్రాం ఆ చిట్టా చదివి పెడుతుంది. తెరవగానే పైన గుడ్ అనో కాషన్ అనో బ్యాడ్ అనో రంగుతో ఉంటుంది. నేను ఆ రంగు మీద ఆధారపడను, కింద వరుసల్లో కుడివైపున ఉండే అంకెలు చూస్తాను. అవి మొదట మనకి అర్థం కాని హెక్సా పద్ధతిలో కనబడతాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ అన్నచోట 10 పద్ధతికి మార్చుకుంటే మామూలు అంకెలవుతాయి.

చూడాల్సినవి ముఖ్యంగా మూడు. 05 అన్న వరుస: పాడైపోయాయని తేలి, వాటి బదులు డిస్క్ తన దగ్గర అట్టిపెట్టుకున్న అదనపు చోటులోకి మార్చేసిన సెక్టార్ల సంఖ్య. సీ5 అన్న వరుస: చదవలేకపోయింది గానీ పాడయ్యాయని ఇంకా తేల్చుకోని సెక్టార్లు. సీ6: ఎంత ప్రయత్నించినా సరిదిద్దలేకపోయినవి. ఈ మూడూ సున్నా ఉంటే పళ్లెం బాగున్నట్టే లెక్క, తప్పు మళ్లీ కరెంటు వైపే వెతకాలి. సీ7 అన్న వరుసలో పెద్ద అంకె ఉంటే కేబుల్ మార్చమని అందరూ చెబుతారు. ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌కి అది సరైన మాటే. కేసింగ్‌లో ఉన్న డిస్క్‌కి మాత్రం ఆ అంకె లెక్కపెట్టేది లోపలి బోర్డుకీ డిస్క్‌కీ మధ్య జరిగిన తప్పులనే. మీ చేతిలో ఉన్న యూఎస్‌బీ కేబుల్ తప్పులు అందులో పడవు. సీ7 పెరుగుతూ ఉంటే కేసింగ్ బోర్డుని అనుమానించండి.

సీ5 గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి డిస్క్‌ని పారేయడం, చెడ్డ డిస్క్‌ని నమ్మడం రెండూ ఇక్కడే జరుగుతాయి. డిస్క్ ఒక సెక్టార్‌లో డేటా రాసినప్పుడు దాంతోపాటు సరిచూసుకునే కోడ్ కూడా రాస్తుంది. చదివేటప్పుడు రెండూ పొసగకపోతే ఆ సెక్టార్‌ని పెండింగ్‌లో పెడుతుంది. అలా పొసగకపోవడానికి పళ్లెం మీద గీత పడటం ఒక కారణం. రాస్తూ ఉండగా కరెంటు పోవడం ఇంకో కారణం. సగం రాసి సగం ఆగిపోయిన సెక్టార్ అది, దాని కింద పళ్లెం శుభ్రంగానే ఉంటుంది. మన ఊళ్లలో కరెంటు కోతలకీ, టీవీని గోడ దగ్గర స్విచ్ నొక్కి ఆపేసే అలవాటుకీ ఈ రెండో రకం చాలా ఎక్కువ. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, దాని మీద కొత్తగా రాసినప్పుడే. పెండింగ్ సెక్టార్ మీద రాయగానే డిస్క్ దాన్ని పరీక్షిస్తుంది. నిలిస్తే పెండింగ్ నుంచి తీసేస్తుంది. నిలవకపోతే పక్కనపెట్టి, అదనపు చోటులోంచి ఇంకో సెక్టార్ ఇస్తుంది, 05 లెక్క ఒకటి పెరుగుతుంది.

కిందటి ఎండాకాలం ఒక ఫొటో స్టూడియో ఆయన రెండు 1 టీబీ డిస్క్‌లు ఒకేసారి తెచ్చారు. రెండూ ఫార్మాట్ కావట్లేదు, రెండింటికీ కాషన్ అని పసుపు రంగే. మొదటిదాంట్లో 05 సున్నా, సీ5 లో 48. రెండోదాంట్లో 05 లో 312, సీ5 లో 16. పసుపు రంగు చూస్తే రెండూ సమానం, సీ5 ఒక్కటే చూస్తే మొదటిదే ఎక్కువ జబ్బుగా ఉంది. రెండింటి మీదా మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాయించాను. మొదటిదాంట్లో సీ5 సున్నాకి వచ్చింది, 05 కదల్లేదు. రెండోదాంట్లో సీ5 సున్నా అయింది గానీ 05 లో అంకె 340 దాటింది. మర్నాడు ఇంకోసారి రాయిస్తే మళ్లీ పెరిగింది. మొదటిది ఇప్పటికీ ఆయన స్టూడియోలో నడుస్తోంది. రెండోది ఫార్మాట్ చక్కగా అయింది, కానీ నేను ఆయన చేతికి ఇస్తూ, దీంట్లో ఒక్క పెళ్లి కూడా పెట్టొద్దని చెప్పాను. పెళ్లి మళ్లీ తీయలేం కదా.

సున్నాలు ఎలా రాయించాలో చెబుతాను. ముందు ఒక జాగ్రత్త: ఈ పని తప్పు డిస్క్ మీద చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. కాబట్టి మిగతా పెన్‌డ్రైవ్‌లు, డిస్క్‌లు అన్నీ తీసేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టండి. కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, నేను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. లిస్ట్ డిస్క్ అంటే డిస్క్‌ల జాబితా వస్తుంది. మీ 2 టీబీ డిస్క్ అక్కడ 1863 జీబీ అని కనబడుతుంది. భయపడకండి, కంపెనీ లెక్కకీ విండోస్ లెక్కకీ ఉన్న తేడా అది. దాని నంబరు చూసుకుని సెలెక్ట్ డిస్క్, పక్కన ఆ నంబరు. వెంటనే ముందుకు పోకుండా డీటెయిల్ డిస్క్ అని కొట్టండి. మోడల్ పేరు చూపిస్తుంది, అది మీ డిస్క్ పేరేనా అని చదవండి. అదే తెరలో రీడ్ ఓన్లీ అన్నచోట యెస్ ఉంటే, యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ అన్న కమాండ్ ఇవ్వండి. ఆ తర్వాత క్లీన్ ఆల్.

క్లీన్‌కీ క్లీన్ ఆల్‌కీ తేడా చాలా ఉంది. మొదటిది క్షణంలో అయిపోతుంది, రెండోది ప్రతి సెక్టార్ మీదా సున్నా రాస్తుంది. 2 టీబీకి యూఎస్‌బీ 3 మీద అయిదారు గంటలు, యూఎస్‌బీ 2 మీద పదహారు గంటల వరకు పడుతుంది. తెర మీద ఎంతయిందో చూపించదు, కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, అంతే. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగ్ మార్చి, చార్జర్ పెట్టి, డిస్క్ కింద గట్టి పలక ఉంచి రాత్రికి వదిలేయండి. పరుపు మీద, దిండు మీద పెట్టకండి, వేడెక్కిపోతుంది. ఎండాకాలం అయితే టేబుల్ ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి.

మీకు మామూలు క్లీన్‌కే ఐ/ఓ ఎర్రర్ వచ్చింది కదా, దీనికీ వస్తే? మంచి కేబుల్, మంచి పోర్టు మార్చాక కూడా వస్తే, ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ స్టార్ట్ చేసి అందులోని డిస్క్స్ ప్రోగ్రాంతో ఒకసారి ప్రయత్నిస్తాను. విండోస్ మొండికేసిన చోట లైనక్స్ కొన్నిసార్లు పని కానిస్తుంది. అక్కడా ఆగిపోతే ఇంక ఆ డిస్క్‌తో పోరాటం వద్దు. మొదటి సెక్టార్లు చచ్చిపోయిన డిస్క్‌కి ముందు 50 జీబీ ఖాళీగా వదిలేసి, ఆ వెనక పార్టిషన్ చేసి ఫార్మాట్ చేసే చిట్కా ఒకటుంది. పని చేస్తుంది కూడా. కానీ గీత పడిన పళ్లెం మీద గీత అక్కడితో ఆగదు. సినిమాలు చూసుకోవడానికైతే సరే, పాప వీడియోలకి ఒప్పుకోను.

క్లీన్ ఆల్ పూర్తయ్యాక విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఇనీషియలైజ్ చేయమని, అంటే డిస్క్ భాగాల పట్టికని జీపీటీ, ఎంబీఆర్ అనే రెండు పద్ధతుల్లో ఒకదానితో రాయమని అడుగుతుంది. కంప్యూటర్‌కే వాడేట్టయితే జీపీటీ పెట్టండి. మళ్లీ టీవీకి పెట్టాలంటే ఎంబీఆర్ మంచిది, చాలా టీవీలు దాన్నే చదువుతాయి, మీ 2 టీబీకి సరిపోతుంది. 3 టీబీ, ఆ పైవాటికి జీపీటీ తప్పదు. తర్వాత ఫార్మాట్ పెట్టెలో ఫైళ్లు అమర్చే పద్ధతి అడుగుతుంది: విండోస్ ఒక్కదానికే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌కి కూడా తగిలించేట్టయితే ఎక్స్‌ఫ్యాట్. ఎక్స్‌ఫ్యాట్‌లో సగంలో ప్లగ్ లాగితే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ, కాబట్టి సేఫ్‌గా రిమూవ్ చేసే అలవాటు ఉన్నవాళ్లకే అది. కారు స్టీరియో కోసం ఫ్యాట్32 అడిగేవాళ్లుంటారు. 32 జీబీ దాటితే విండోస్ ఫార్మాట్ పెట్టెలో ఆ పేరే కనబడదు, డిస్క్ పాడైందని కంగారు పడొద్దు.

మీ డిస్క్ టీవీ వెనక ఉందన్నారు కాబట్టి ఇంకో కోణం కూడా చెప్పాలి. కొన్ని టీవీలు, రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సులు డిస్క్ పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని అడిగి, తమ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటాయి. విండోస్‌కి ఆ భాష రాదు, అందుకే ఫార్మాట్ చేయమంటుంది. ఇంట్లో ఎవరైనా రిమోట్‌తో "ఓకే" నొక్కి ఉండొచ్చు. అలా జరిగి ఉంటే పుట్టినరోజు వీడియోల మీద ఆ రోజే దెబ్బ పడి ఉంటుంది. ముందు ఆ డిస్క్‌ని తిరిగి అదే టీవీకి పెట్టి చూడండి. టీవీ చదవగలిగితే డిస్క్ బాగున్నట్టు, భాష తేడా మాత్రమే. ఫార్మాట్ చేయమని టీవీ అడిగితే మాత్రం వద్దని చెప్పి తీసేయండి.

కేసింగ్ విప్పి డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి తగిలిస్తే తెలిసిపోతుంది కదా అని కొందరికి అనిపిస్తుంది. వారంటీ ఉంటే అది పోతుంది. పైగా చాలా పోర్టబుల్ డిస్క్‌లలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, విప్పినా తగిలించడానికి ఇంకో సాకెట్ ఉండదు. కొన్నిట్లో కేసింగ్ బోర్డే డేటాని తాళం వేసి రాస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. ఆ బోర్డు తీసేస్తే మిగిలేది అర్థం కాని గజిబిజి. డేటా కావాలనుకున్నవాళ్లు ఇంట్లో విప్పకండి.

కాపీ దొరకలేదు, పాప వీడియోలు ఇందులోనే ఉన్నాయి అని తేలితే దారి మారుతుంది. స్మార్ట్‌లో మూడు అంకెలూ సున్నా ఉంటే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాంతో పోయిన పార్టిషన్ వెతికించవచ్చు. అది దొరక్కపోతే దానితోపాటే వచ్చే ఫొటోరెక్ ఫైళ్లని ఏరి పెడుతుంది, పేర్లు మాత్రం రావు. దొరికినవాటిని అదే డిస్క్‌లో కాదు, వేరే డిస్క్‌లో సేవ్ చేయాలి. సీ5 లో అంకెలుంటే ఆ డిస్క్ మీద నేరుగా ఏ రికవరీ ప్రోగ్రామూ నడపకండి. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ముందు మొత్తం డిస్క్‌ని ఇంకో 2 టీబీ లేదా అంతకన్నా పెద్ద డిస్క్ మీదికి కాపీ తీయాలి. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, మొండి సెక్టార్ల దగ్గరికి చివర్లో వెళ్లడం దాని పద్ధతి. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, డిస్క్ చల్లారాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. ఈ పని మీకు కొత్త అయితే తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. మూలం ఏదో, గమ్యం ఏదో తారుమారు చేస్తే పోయేది అసలు డిస్కే.

ఇదే సమస్యతో ఇక్కడికి వచ్చే కొందరి దగ్గర ఉండేది అసలు హార్డ్‌డిస్కే కాదు. ఆన్‌లైన్‌లో చాలా తక్కువ ధరకి 16 టీబీ అని అమ్ముతున్నవాటిని నేను రెండు విప్పాను. లోపల ఒక మెమరీ కార్డు, దాన్ని పెద్ద డిస్క్‌గా చూపించే బోర్డు, బరువు కోసం ఒక ఇనుప ముక్క. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం ఖాళీ డిస్క్ నిండా ఫైళ్లు రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. నకిలీ అయితే నిజంగా ఎంత పడుతుందో అక్కడ బయటపడుతుంది. అసలు డిస్క్‌కైనా క్లీన్ ఆల్ తర్వాత ఒకసారి ఇది నడిపితే నాకు మనశ్శాంతి. అలాగే పెన్‌డ్రైవ్ రైట్ ప్రొటెక్టెడ్ అని మొండికేస్తే, పక్కన చిన్న స్విచ్ లేకపోతే, దాని లోపలి మెమరీ అరిగిపోయి తనంతట తాను తాళం వేసుకుని ఉండే అవకాశమే ఎక్కువ. దాని కోసం విండోస్ లోపలి సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలు మార్చుకుంటూ కూర్చోవద్దు, చదవగలిగినప్పుడే ఫైళ్లు కాపీ చేసుకుని పక్కన పెట్టేయండి.

డిస్క్ పోయిందని తేలితే వారంటీ ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూడండి, 2019 అంటే మీది అయిపోయే ఉంటుంది. పాత సామాన్లవాడికి మాత్రం అలాగే ఇవ్వకండి. ఫార్మాట్ కాని డిస్క్ అంటే చెరగని డిస్క్ కూడా. అందులో మీ ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటే ఉన్నట్టే ఉంటాయి. మూత విప్పి పళ్లేన్ని పాడుచేసి ఇవ్వండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, చిన్న డిస్క్‌ల పళ్లేలు చాలావాటిలో గాజువి, సుత్తి దెబ్బకి ముక్కలు ఎగురుతాయి.

మీ వరకు ప్రస్తుతానికి ఈ వరుసలో చేయండి: ముందు పాప వీడియోల కాపీ వెతకడం, తర్వాత డిస్క్‌ని పాత టీవీకి పెట్టి చూడటం, తర్వాత కొత్త కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవడం. 05, సీ5, సీ6, సీ7 అంకెలు, ఈవెంట్ వ్యూయర్‌లో కనబడిన నంబర్లు, ప్లగ్ చేసినప్పుడు వినబడిన చప్పుడు ఎలా ఉందో రాయండి. క్విక్ ఫార్మాట్ టిక్ సంగతి కూడా గుర్తొస్తే చెప్పండి. అవి చూశాక క్లీన్ ఆల్ కొట్టొచ్చో, డీడీరెస్క్యూ దారిలో వెళ్లాలో చెబుతాను. అప్పటిదాకా ఆ డిస్క్‌ని ప్లగ్ తీసి బీరువాలో పెట్టండి.